షూర్ ఎస్‌ఎం58 మైకు: మూడు షోలు, ఒక సొట్ట, ఒక వాన

ఈ మైకు కొని నాలుగేళ్లయింది. కొన్నది మా బ్యాండ్ కోసం. బ్యాండ్ ఎనిమిది నెలలు నడిచి, మూడు షోలు చేసి ఆగిపోయింది. మైకు ఇప్పటికీ పనిచేస్తోంది. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను, కొనండి. గిటార్లూ డ్రమ్సూ ఎవరివి వాళ్లకు ఎలాగూ ఉంటాయి. బ్యాండ్ పెట్టుకునేవాళ్లు అందరూ తలా కొంత వేసుకుని కొనాల్సిన మొదటి వస్తువు ఇదే.

ఎందుకంటే చెప్పడానికి మా షోల సంగతులన్నీ చెప్పాలి. పెట్టెలోంచి తీసిన రోజున ఈ మైకు విలువ ఎవరికీ తెలియదు. మాకూ తెలియలేదు. ఏదైనా తేడా జరిగిన ప్రతిసారీ మేము మొదట అనుమానించింది మైకునే. ప్రతిసారీ తప్పు ఇంకెక్కడో తేలింది.

బ్యాండ్‌లో నేను పాడుతూ రిథమ్ గిటార్ వాయించేదాన్ని. లీడ్ గిటార్ నా స్నేహితురాలు. డ్రమ్స్ మా తమ్ముడు. బేస్ వాయించేది నా ఆఫీసులో సీనియర్, నాకంటే పదేళ్లు పెద్ద, అందరం అన్న అనే పిలిచేవాళ్లం. పేరు మాత్రం నలుగురికీ కుదరలేదు. మూడు షోలకు మూడు పేర్లు పెట్టుకున్నాం. మూడో షో రోజు ఒక పెద్దాయన స్టేజీ దగ్గరికొచ్చి, "పోయినసారి వచ్చిన బ్యాండ్ కంటే మీరే నయమమ్మా" అని మెచ్చుకున్నారు. పోయినసారి వచ్చింది కూడా మేమేనని చెప్పడానికి మా ఎవరికీ మనసొప్పలేదు.

మొదటి షోకి ఈ మైకు లేదు. ఉండి ఉంటే ఆ గొడవే జరిగేది కాదు.

ఆ రోజు హాలువాళ్లు ఇచ్చిన వైర్‌లెస్ మైకు వాడాం. తీగ అడ్డం లేకుండా స్టేజీ అంతా తిరగొచ్చని నాకు చాలా సంబరంగా ఉండింది. సాయంత్రం సౌండ్ చెక్‌లో అంతా బాగుంది. మాకు తెలియనిదేమిటంటే, కింది అంతస్తు హాల్లో అదే సమయానికి ఒక బహుమతి ప్రదాన కార్యక్రమం ఉంది, వాళ్లకు ఇచ్చిందీ అలాంటి సెట్టే, అదే ఫ్రీక్వెన్సీ మీద నడిచేది. స్నేహితురాలు గిటార్ మీద పాట ఎత్తుకుంది. నేను ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాను. మా స్పీకర్లలోంచి గంభీరమైన ఒక మగగొంతు, "వక్తృత్వ పోటీలో ద్వితీయ బహుమతి..." అంది.

అప్పటికి మా తమ్ముడికి ఒక నియమం ఉండేది. ఏం జరిగినా డ్రమ్స్ ఆగకూడదు. ఆ గొంతు గెలిచిన పిల్లాడి పేరు చదవగానే వాడు ఒక రోల్ వాయించి సింబల్ మీద గట్టిగా ఒక్కటి వేశాడు. మా హాల్లో జనం చప్పట్లు కొట్టారు. ఇంతలో కింది నుంచి ఒకతను మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు. నా పాట వాళ్ల స్పీకర్లలో వస్తోందట. ద్వితీయ బహుమతి కోసం వేదిక ఎక్కిన పిల్లాడు తన కోసమే ఎవరో పాడుతున్నారనుకుని కప్పు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడట, ఎంత పిలిచినా దిగడం లేదట.

రెండు సెట్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉంటే రిసీవర్‌కు, అంటే మైకు సంకేతాన్ని అందుకునే పెట్టెకు, ఏది మనదో తెలియదు. ఏ సంకేతం బలంగా ఉంటే దాన్నే వినిపిస్తుంది. ఫ్రీక్వెన్సీ మార్చుకునే వీలున్న సెట్ అయితే ఈ ఇబ్బంది రాదు, కానీ అది చూసుకునే మనిషి కూడా కావాలి. మాకు లేడు. మర్నాడే నలుగురం కూర్చుని, తీగ ఉన్న మైకు ఒకటి సొంతంగా కొనాలని తీర్మానించుకున్నాం. బ్యాండ్ పేరు మీద తప్ప ఇంకే విషయంలోనైనా మేం అంత త్వరగా ఏకాభిప్రాయానికి వచ్చింది అదొక్కసారే... కాదు, పేరు మీద అసలే రాలేదు. ఇదొక్కటే.

షూర్ కంపెనీ ఎస్‌ఎం58 పేరు చెప్పింది అన్న. ఈ మోడల్ 1966లో వచ్చింది. ఎస్‌ఎం అంటే స్టూడియో మైక్రోఫోన్. స్టూడియో కోసం తయారైన మైకు స్టేజీ మీద పేరు తెచ్చుకుంది. లోపల శబ్దాన్ని పట్టుకునే భాగం, అంటే క్యాప్సూల్‌కు, మూలం ఇంకా పాతది, ఎర్నీ సీలర్ అనే ఇంజనీరు రూపొందించిన యూనిడైన్ త్రీ, 1959 నాటిది. దానిమీదనే 1965లో ఎస్‌ఎం57 వచ్చింది, మరుసటి ఏడాది గుండ్రటి జాలీ తల పెట్టుకుని ఇది వచ్చింది. మా అమ్మకంటే పెద్ద డిజైన్‌ను ఇప్పటికీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారంటే నాకు మొదట నమ్మకం కలగలేదు. పాత సరుకు అంటగడుతున్నారేమో అనుకున్నాను.

పెట్టెలో మైకుతో పాటు స్టాండుకు బిగించే క్లిప్పు, జిప్పున్న సంచీ వచ్చాయి. కేబుల్ రాలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. చాలాచోట్ల దొరికే ఎస్‌ఎం58-ఎల్‌సీ అనే రకంలో కేబుల్ ఉండదు, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ విడిగా కొనాలి. మేం ఆ సంగతి చూసుకోకుండా తెచ్చుకుని, మొదటి ప్రాక్టీస్ రోజంతా మైకును చేతులు మార్చుకుంటూ చూసుకున్నాం. బరువు 298 గ్రాములు. చేతిలో పడగానే ఒక నమ్మకం కలుగుతుంది. స్విచ్ ఉన్న రకం కూడా ఉంది, దాని పేరు చివర ఎస్ ఉంటుంది. మేం స్విచ్ లేనిదే తీసుకున్నాం. పాడేటప్పుడు వేలు తగిలి ఆగిపోతుందన్న భయం ఉండదు. మాటల మధ్య ఆపుకోవాలనుకునేవాళ్లకు, అంటే యాంకరింగ్ చేసేవాళ్లకు, స్విచ్ ఉన్నదే మేలు.

ఇక శబ్దం. ఇది డైనమిక్ మైకు, బ్యాటరీ అక్కర్లేదు, శబ్దాలన్నిటినీ కలిపే సౌండ్ మిక్సర్ నుంచి కేబుల్‌లో పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా అక్కర్లేదు. 50 నుంచి 15,000 హెర్ట్జ్ వరకు పట్టుకుంటుంది. స్టూడియోల్లో ఎక్కువగా వాడే కండెన్సర్ మైకుల్లో వినిపించే ఆ గాజులాంటి పైస్థాయి మెరుపు ఇందులో ఉండదు. ఇంట్లో కూర్చుని సన్నని ఊపిరి కూడా వినిపించేలా రికార్డు చేయాలనుకుంటే మీకు ఇది కొంచెం మూతేసినట్టు అనిపించవచ్చు. కానీ ఒక చిన్న గదిలో డ్రమ్స్ వెనకాల మోగుతుంటే, రెండు గిటార్లు పక్కన అరుస్తుంటే, ఆ మూతేసిన గుణమే కాపాడుతుంది. మధ్యస్థాయిని కొంచెం ముందుకు తోస్తుంది కాబట్టి మాటలు తెలుస్తాయి. నా గొంతు నాకు మొదటిసారి స్పష్టంగా వినపడింది ఈ మైకులోనే. ఆ సాయంత్రం నాకు బాగా గుర్తు. రెండో పాట మధ్యలో తమ్ముడు తనంతట తాను కర్రలు ఆపి, "అక్కా, పాటకి మాటలు కూడా ఉన్నాయా!" అన్నాడు. నాలుగు నెలలుగా వాడు ఆ పాట వాయిస్తున్నాడు.

పెదవులు జాలీకి ఆనించి పాడితే కింది స్థాయి బరువెక్కుతుంది. దీన్ని ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు, ఒకవైపు నుంచి వినే మైకుల్లో చాలావాటికి ఉండే గుణమే. నెమ్మది పాటల్లో దగ్గరికి వెళ్తే గొంతుకు నిండుదనం వస్తుంది. గట్టిగా ఎత్తుకునే చోట నాలుగు వేళ్లంత దూరం జరిగితే సరిపోతుంది. ప, భ లాంటి అక్షరాల దగ్గర ఊపిరి తగిలి బుస్సుమంటుంది, లోపలి స్పాంజి చాలావరకు ఆపుతుంది కానీ పూర్తిగా ఆపదు. మైకును కొంచెం పక్కకు వాల్చి పట్టుకుంటే పోతుంది.

రెండో షో గురించి వివరంగా చెప్పాలి. ఈ మైకు గురించి నాకు తెలిసినదాంట్లో ముప్పాతిక వంతు ఆ ఒక్క సాయంత్రమే తెలిసింది.

మొదటి పాట మొదలవగానే అంతా వికృతంగా వినిపించింది. శ్రుతి కలవడం లేదు. నేను పాడేది గిటార్‌తో కలవట్లేదు, గిటార్ బేస్‌తో కలవట్లేదు. అన్న నా దగ్గరికొచ్చి చెవిలో, "మైకు పోయిందేమో" అన్నాడు. మైకు శ్రుతి మార్చదని ఆ టెన్షన్‌లో మా ఇద్దరికీ తట్టలేదు. వేరే మైకు పెట్టించాం. అలాగే ఉంది. మళ్లీ దీన్నే పెట్టాం. సంగతేమిటంటే, స్టేజీ ఎక్కే ముందు నా స్నేహితురాలు ట్యూనర్‌ను, అంటే తీగల శ్రుతి చూపించే పరికరాన్ని, జేబులో వేసుకున్నప్పుడు బటన్ ఒకటి నొక్కుకుపోయి, అది అరస్వరం కిందికి చూపించే మోడ్‌లోకి వెళ్లింది. ఆమె దాన్ని చూసే ఎంతో జాగ్రత్తగా ఆరు తీగలూ బిగించుకుంది. మామూలుగా 82.4 హెర్ట్జ్ ఉండాల్సిన లావు తీగ 77.8 దగ్గర ఉంది. అన్న ఆమె దగ్గర ట్యూనర్ తీసుకుని బేస్ కూడా అలాగే చేసుకున్నాడు. నా గిటార్ మాత్రం నా సొంత ట్యూనర్‌తో శ్రుతి చేసుకున్నాను. నాలుగు నిమిషాల పాట ఆ అరస్వరం తేడాతోనే వాయించాం. ముందు వరసలో ఒక కుర్రాడు ఫోన్‌లో రికార్డు చేస్తూ పక్కవాడితో, "కావాలనే చేస్తున్నార్రా, ఇదో కొత్త స్టైల్" అని గట్టిగా అన్నాడు. ఆ మాట మైకులో స్పష్టంగా పడింది.

ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా, ఆ రోజు మా మద్దెల నిజంగానే ఆగనంది. బాస్ డ్రమ్ కింద చాప వేయడం మరిచిపోయాం. నున్నటి స్టేజీ మీద పెడల్ తొక్కిన ప్రతిసారీ డ్రమ్ ఒక వేలెడు ముందుకు జరుగుతుంది. దాని ముందరి కాళ్లకు మొనలుంటాయి కానీ అవి గుచ్చుకోవడానికి కింద గుడ్డ గానీ కార్పెట్ గానీ ఉండాలి. తమ్ముడు స్టూలుతో సహా దాని వెనకాలే జరుగుతూ వాయించాడు. మూడో పాటకు వాడు నా వీపు వెనక్కి వచ్చేశాడు. నాకు తెలియదు. సింబల్ చెవి పక్కనే మోగుతుంటే సౌండ్ మనిషి వాల్యూమ్ పెంచాడేమో అనుకున్నాను.

అదే పాటలో మైకు స్టాండు అడ్డకమ్మీ కిందికి వాలడం మొదలుపెట్టింది. స్టాండు హాలుది. బిగింపు దగ్గరి వాషర్ అరిగిపోయి ఉంది, 298 గ్రాములను కూడా ఆపలేకపోతోంది. నా రెండు చేతులూ గిటార్ మీద ఉన్నాయి. పాట ఆపకూడదు. కమ్మీ ఎంత వాలితే నేనూ అంత వంగాను. మొదటి చరణం నిలబడి, రెండో చరణం సగం వంగి, మూడో చరణం మోకాళ్ల మీద పాడాను. ఎదురుగా పిల్లలు కొందరు ఇది పాటలో భాగమనుకుని వాళ్లూ కూర్చుంటూ వచ్చారు, చివరికి రెండు వరసలు నేలమీద ఉన్నాయి. నేను లేచినప్పుడు వాళ్లూ లేచి అరిచారు. ఆ షోలో అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు ఆ పాటకే. అంత కింద, అంత వంకరగా పాడినా గొంతు ఒక్క మాట కూడా పోలేదని తర్వాత వీడియోలో విన్నాను.

ఆ తర్వాత కూత. అంటే ఫీడ్‌బ్యాక్. మాకు మైకు ఒకటే కాబట్టి పల్లవి దగ్గర స్నేహితురాలు నా పక్కకొచ్చి కలిసి పాడేది. వచ్చినప్పుడల్లా ప్రేమగా రెండు చేతులతో మైకు తలను పొదివి పట్టుకునేది. పట్టుకోగానే స్పీకర్లు కీచుమని అరిచేవి. వదలగానే ఆగేవి. రెండో పాటకల్లా జనం పల్లవి రాబోతుండగానే ముందుగా చెవులు మూసుకోవడం నేర్చుకున్నారు. మళ్లీ అందరం మైకునే తిట్టుకున్నాం.

తప్పు మైకుది కాదు. ఇది కార్డియాయిడ్ మైకు, అది వినే పరిధి గీసి చూస్తే గుండె ఆకారంలో ఉంటుంది. ఎదురుగా వచ్చే శబ్దం బాగా వింటుంది, పక్కల నుంచి తక్కువ, సరిగ్గా వెనక నుంచి అతి తక్కువ. ఆ గుణం రావడానికి క్యాప్సూల్‌కు వెనకవైపు నుంచి కూడా గాలి అందేలా దారులు పెట్టారు. జాలీ తలను చేతులతో మూసేస్తే ఆ దారులు మూసుకుపోతాయి. అప్పుడు మైకు అన్ని వైపుల నుంచీ వినడం మొదలుపెడుతుంది, పాడేవాళ్లకు వినపడటానికి స్టేజీ మీద పెట్టే మానిటర్ స్పీకర్‌లోంచి వచ్చే తన శబ్దాన్నే తాను తిరిగి పట్టుకుంటుంది, అది చుట్టూ తిరిగి పెరిగి కూతవుతుంది. మైకును పిడి దగ్గరే పట్టుకోవాలి. మానిటర్‌ను మైకుకు పక్కన కాదు, సరిగ్గా తోక వైపు పెట్టాలి. ఈ రెండూ చేస్తే సగం కష్టాలు ఉండవు. ఇదే కంపెనీ బీటా 58ఏ లాంటి సూపర్ కార్డియాయిడ్ మైకులకు లెక్క వేరు, వాటికి సరిగ్గా వెనక కొంచెం వినపడుతుంది, కాబట్టి మానిటర్ కొంచెం పక్కకు ఉండాలి. మైకు మార్చినప్పుడు ఇది మరిచిపోకండి.

చివరి పాటలో బాస్ డ్రమ్ వచ్చి స్టాండును తోసేసింది. స్టాండు, దాంతో మైకు, స్టేజీ అంచు నుంచి కింద సిమెంటు మీద పడ్డాయి. నడుమెత్తు ఉంటుంది ఆ స్టేజీ. హాలంతా ధడేల్‌మంది. ఎవరో తీసి చేతికిచ్చారు. జాలీకి ఒకవైపు బొటనవేలంత సొట్ట. పాడితే పలికింది. అప్పటిదాకా దాన్ని అనుమానించినందుకు నాకు నిజంగా బాధేసింది.

అంత గట్టిదైనా ఒక పని మాత్రం చేయకండి. బ్రిటిష్ రాక్ బ్యాండ్ ది హూ గాయకుడు రోజర్ డాల్ట్రీ మైకును తీగతో గిరగిరా తిప్పడానికి ప్రసిద్ధుడు. నా స్నేహితురాలికి ఆయనంటే ప్రాణం. ఒక ప్రాక్టీస్‌లో నేను మంచినీళ్లకు వెళ్లినప్పుడు తనూ ప్రయత్నించింది. డాల్ట్రీ తీగను మైకుకు టేపుతో గట్టిగా చుట్టించుకునేవాడు. ఈమె చుట్టలేదు. మూడో చుట్టులో కేబుల్ చివర ఊడిపోయి మైకు గాల్లో వెళ్లి, బాస్ డ్రమ్ ముందు తోలుకు ఉండే గుండ్రటి రంధ్రంలోకి సరిగ్గా దూరింది. లోపల శబ్దం తగ్గడానికి మా అమ్మ పాత దిండు పెట్టి ఉంచాం, దానిమీద పడింది. నేను తిరిగొచ్చేసరికి ముగ్గురూ డ్రమ్‌లోకి టార్చి వేసి చూస్తున్నారు. గురి పెట్టి విసిరినా అలా పడదు. ఆ రోజు పోయింది కేబులే.

మూడో షో ఒక డాబా మీద, టెంట్ కింద. నాలుగు పాటలు ఎంతో బాగా వచ్చాయి. నిజంగా బాగా వచ్చాయి. చాప ఉంది, మానిటర్ వెనక ఉంది, ట్యూనర్ ఒక్కటే, అందరం దాంతోనే శ్రుతి చేసుకున్నాం. ఎనిమిది నెలల్లో మేం బ్యాండ్‌లా వినిపించిన ఇరవై నిమిషాలు అవే. ఐదో పాటలో వాన మొదలైంది, ఒక్కసారిగా కరెంటు పోయింది. గిటార్లు లేవు, బేస్ లేదు. డైనమిక్ మైకుకు కరెంటు అక్కర్లేదు గానీ స్పీకర్లకు కావాలి కదా, నా గొంతూ లేదు. ఒక్క డ్రమ్స్ మాత్రం ఆగలేదు. అంతకు ముందు వారమే మేం అందరం చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోవడం మొదలుపెట్టాం. 100 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 15 నిమిషాలు మించి ఉండకూడదని పనిచేసేచోట ఆరోగ్యం, భద్రత గురించి పరిశోధించే అమెరికా ఎన్‌ఐఓఎస్‌హెచ్ సంస్థ సిఫార్సు చేస్తుంది, డ్రమ్స్ పక్కన అది చాలా మామూలు స్థాయి. తమ్ముడు ప్లగ్గులు పెట్టుకుని, కళ్లు మూసుకుని, పూర్తిగా పాటలో మునిగిపోయి ఉన్నాడు. చీకట్లో, వానలో, ఒక్కడే పాట చివరిదాకా వాయించాడు. చివరి సింబల్ కొట్టి కళ్లు తెరిచి, మేము ఆంప్‌లను మోసుకుంటూ పరిగెత్తడం చూసి, "బాగా రాలేదా?" అని అడిగాడు.

బాగా వచ్చిందిరా. నేను విన్నవాటిలో వాడు అంత బాగా ఎప్పుడూ వాయించలేదు.

తడిసిన చోట కరెంటు పరికరాలు ముట్టుకోకూడదు. అందుకని అన్న మొదట మెయిన్ ఆపేసి వచ్చాడు, తర్వాతే వైర్లు తీశాం. ఆ హడావిడిలో మైకును మరిచిపోయాం. మర్నాడు పొద్దున డాబా మీద నీళ్లగుంటలో దొరికింది. రాత్రంతా అందులోనే ఉంది. జాలీ తలను మర తిప్పినట్టు తిప్పితే ఊడుతుంది, లోపలి స్పాంజితో సహా కొంచెం సబ్బునీళ్లలో కడిగాను. క్యాప్సూల్‌ను మాత్రం ముట్టుకోలేదు, నీడలో రెండు రోజులు ఆరబెట్టాను. మూడో రోజు మిక్సర్‌కు పెట్టి భయం భయంగా "హలో" అన్నాను. పలికింది. ఎప్పటిలాగే. కావాలని నీళ్లలో వేయమని చెప్పడం లేదు, ప్రతి మైకూ ఇలా బతుకుతుందని కూడా అనను. నాది బతికింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. దీని అవుట్‌పుట్ తక్కువ, కాబట్టి మిక్సర్‌లో గెయిన్ బాగా పెంచాలి. చవక సౌండ్ కార్డుకు పెట్టి ఇంట్లో రికార్డు చేస్తే వెనకాల సుయ్యిమనే రొద వస్తుంది. చాలా నెమ్మదిగా పాడేవాళ్లకు ఇది అంత నప్పదు. పిడి మీద చేయి మార్చుకుంటే ఆ చప్పుడు కొంచెం పడుతుంది, లోపల అదురు ఆపే ఏర్పాటు ఉన్నా పూర్తిగా పోదు. దాని నలుపు బూడిద రంగు కూడా నాకేమంత నచ్చదు, కానీ అది రివ్యూలో లెక్కలోకి వచ్చే విషయం కాదు.

నకిలీల గురించి గట్టిగా చెప్పాలి. ప్రపంచంలో ఎక్కువగా నకిలీలు వచ్చే మైకుల్లో ఇదొకటి. పెట్టె, సంచీ, అక్షరాలు అన్నీ అచ్చు దించేస్తారు. అధీకృత డీలర్ దగ్గరే కొనండి. మరీ చవకగా ఇస్తున్నారంటే ఆగండి. వంటింటి తూకం ఉంటే తూచి చూడండి, 298 గ్రాములకు బాగా తక్కువ తూగితే అనుమానించండి. బరువు కలిసినంత మాత్రాన అసలుదని కాదు, కానీ కలవకపోతే మాత్రం తిరిగి ఇచ్చేయండి.

బ్యాండ్ ఆగిపోవడానికి గొడవలేమీ లేవు. అన్నకు వేరే ఊరికి బదిలీ అయింది. స్నేహితురాలు పైచదువులకు వెళ్లింది. తమ్ముడూ నేనూ ఒక నెల ఇద్దరమే ప్రాక్టీస్ చేశాం, బేస్ లేని పాటల్లో వాడికి నిలబడే చోటు దొరకలేదు. నలుగురం చివరిసారి కలిసి, కలిసి కొన్న వస్తువులు పంచుకున్నాం. చాప తమ్ముడికి, ఆ అరస్వరం ట్యూనర్ స్నేహితురాలికి, ఆమే పట్టుబట్టి తీసుకుంది. మైకు ఎవరికి అనే మాట వచ్చేసరికి ఎవరూ మాట్లాడలేదు. చివరికి నలుగురిదీ అనే అనుకున్నాం. ఎవరికి పాడాలనిపిస్తే వాళ్ల దగ్గరికి వెళ్తుంది. నాలుగేళ్లలో అది నాలుగు ఇళ్లూ రెండేసి సార్లు తిరిగింది.

జాలీ సొట్ట పోగొట్టడానికి ఆర్‌కే143జీ అనే విడిభాగం దొరుకుతుంది, పాతది తిప్పి తీసి కొత్తది బిగించుకోవడమే. నేను కొన్నాను. బిగించొద్దని మిగతా ముగ్గురూ అన్నారు. సొట్ట వల్ల శబ్దంలో నాకు తేడా ఏమీ వినపడలేదు కాబట్టి ఊరుకున్నాను.

ప్రస్తుతం మైకు అన్న దగ్గర ఉంది. అక్కడ ఇంకెవరితోనో కలిసి పాడటం మొదలుపెట్టాడు, బేస్ కాదు, పాట. పోయిన ఆదివారం రాత్రి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మైకు కూస్తోంది. ఈసారి నిజంగానే పోయినట్టుంది."

"అన్నా, మానిటర్ ఎక్కడ పెట్టావ్?"

"పక్కన."

"దాని తోక వైపుకి జరుపు."

ఏదో ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత ఫోన్ పక్కన పెట్టేసి పాడటం మొదలుపెట్టాడు, మా రెండో షోలో నేను మోకాళ్ల మీద పాడిన పాటే. కూత రాలేదు.